గుమ్మంలో దగ్గు

ఆ ఇంటి అత్తగారిని వీధిలో అందరూ జడ్జి గారంటారు. అలాగని ఆవిడ ఏ కోర్టు మెట్లూ ఎక్కలేదు. కొత్త సీరియల్ ఏది మొదలైనా మొదటి ఎపిసోడ్ చూసి, అది నిలబడేదో పడుకునేదో ఒక్క ముక్కలో తేల్చేస్తుంది, అంతే. ప్రకటనలు రాగానే చెల్లెలు ఫోన్ చేస్తుంది. చెల్లెలి నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి తెల్లారేసరికి ఆ తీర్పు నాలుగు వీధులూ తిరిగి వస్తుంది. మనుషుల విషయంలోనూ ఆవిడది ఇదే పద్ధతి. కోడలు మొదటిసారి ఆ ఇంటికి వచ్చినప్పుడు మెడలో పెద్ద హెడ్‌ఫోన్లు వేలాడుతున్నాయి. "ఈ పిల్లకి మన మాట వినపడదు" అని ఆవిడ ఆరోజే తేల్చేసింది.

ఆ ఉదయం ఎప్పటిలాగే కోడలు కాఫీ కలుపుతోంది, కొడుకు ఇస్త్రీ చేసిన చొక్కా కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు. అత్తగారు మాత్రం తన గదిలో సూట్‌కేసు సర్దుకుంటోంది. మర్నాడు కూతురింటికి ప్రయాణం. నాలుగు రోజులుండి రావడానికి కాదు, అక్కడే ఉండిపోవడానికి. ఎవరేం చెప్పినా వినే రకం కాదావిడ.

కారణం ఇంట్లో అందరికీ తెలుసు. మామగారు పోయి ఏడాది దాటింది. ఆయన లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషి. మాట్లాడకూడని చోట బతుకంతా గడిపాడేమో, నోటితో కన్నా దగ్గుతోనే ఎక్కువ మాట్లాడేవాడు. సాయంత్రం ఇంటికొస్తే బెల్లు కొట్టడం, పిలవడం ఏమీ లేదు. గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా మీద చెప్పులు రుద్ది, చిన్నగా ఒక్క దగ్గు దగ్గేవాడు. వంటింట్లోంచి ఆవిడ "వస్తున్నా, తలుపు తీసే ఉంది" అనేది. తలుపు తీసే ఉన్నా వెళ్లి తీసేది.

ఆయన మంచాన పడ్డాక ఓ మధ్యాహ్నం ఆవిడ మందుల షాపుకెళ్లి వచ్చేసరికి, లేవకూడని మనిషి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన కాళ్ల దగ్గర కోడలు మైకు పట్టుకుని కూర్చుంది. కోడలిది సీరియళ్లకు చప్పుళ్లు తయారుచేసే ఉద్యోగం. తెరమీద తలుపు తెరుచుకుంటే ఆ కిర్రుమనే శబ్దం, వాన పడితే ఆ చినుకుల శబ్దం ఆమే పట్టి తెచ్చి అతికిస్తుంది. ఇదేం పనని అత్తగారు ఎంత నిలదీసినా మామాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారే తప్ప నోరు విప్పలేదు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆయన పోయాడు. పోయే మనిషిని కూడా పనికి వాడుకుందన్న బాధ ఆవిడ గుండెలో ముల్లులా దిగబడిపోయింది. అప్పట్నుంచీ అత్తాకోడళ్ల మధ్య కూరలో ఉప్పు సరిపోయిందా లేదా అన్న మాట తప్ప ఇంకో మాట లేదు. కోడలు మాత్రం ఏం చెబుతుంది? మామగారికి మాటిచ్చింది. ఆ మాట నెరవేరేది కొత్త సీరియల్ మొదలయ్యాకే, అదేమో ఇవాళా రేపూ అంటూ వాయిదాలు పడి ఇన్నాళ్లకి ఆ సాయంత్రం రాబోతోంది.

కాఫీ గ్లాసు అందిస్తూ కోడలు ఆ సంగతే చెప్పింది. ఆకాశంలో తిరిగే ఓడల కథనీ, తాను పనిచేసిందేననీ, ఒక్క ఎపిసోడ్ చూసి వెళ్లమనీ అడిగింది.

"నా సీరియల్ ఎత్తేసి పెడుతున్నది దాన్నేగా?" అంది అత్తగారు. "ఆ పిల్ల ఆసుపత్రిలో కళ్లు తెరిచిందో లేదో కూడా చెప్పకుండా ఆపేశారు. వాళ్ల ఓడ మునిగిపోను."

ఆకాశంలో ఓడ ఎలా మునుగుతుందని కొడుక్కి నవ్వొచ్చింది గానీ, తల్లి మొహం చూసి మింగేశాడు.

సాయంత్రం సీరియల్ వేళకి అతనే టీవీ పెట్టాడు. రేపు వెళ్లిపోయేదానివి, ఇవాళైనా మాతో కూర్చోమని తల్లిని బతిమాలాడు. బతిమాలినవాడు ఊరుకోవచ్చుగా, నీ కోడలి మీద కోపం ఇంకెన్నాళ్లమ్మా అని కూడా అన్నాడు. అంతే, ఏడాదిగా కట్టిన గట్టు తెగింది.

"మీ నాన్న నిలబడలేక గోడ పట్టుకున్నారురా. చెయ్యి వణుకుతోంది. నేను చూశాను, నీ పెళ్లాం చూళ్లేదు. దానికి చప్పుడు కావాలి, మనిషి అక్కర్లేదు."

కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూడండత్తయ్యా. చూశాక మీరేమన్నా పడతాను" అంది.

అత్తగారు కూర్చుంది గానీ, టీవీకి వీపు పెట్టి, ఒళ్లో పళ్లెం పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీయడం మొదలుపెట్టింది. కళ్లు తిప్పుకోవచ్చు, చెవులకి తలుపులుండవు కదా. సంగీతం వచ్చింది. ఇంటికి దూరమైన ఓ ముసలి ఓడ, దాన్లో ఒంటరిగా ఓ చిన్నపిల్ల. ఆవిడ ఉండబట్టలేక ఓసారి వెనక్కి తిరిగి, అంత ఓడలో ఒక్క కిటికీకీ పరదా లేదని, పిల్లకి తల దువ్వే దిక్కు లేదని గొణిగింది. మళ్లీ కాయల్లో పడింది.

తెరమీద చీకటి. పిల్ల ఎవరి కోసమో ఎదురుచూస్తోంది. ఓడ తలుపు తెరుచుకునే ముందు చప్పుడైంది. పట్టా మీద చెప్పులు రుద్దిన చప్పుడు. ఆ వెనకే చిన్నగా ఒక్క దగ్గు.

"వస్తున్నా, తలుపు తీసే ఉంది" అంటూ అత్తగారు లేచింది.

పళ్లెం జారి కాయలు గదంతా దొర్లాయి. ఆవిడ వాటిని దాటుకుంటూ వెళ్లి వీధి తలుపు తీసింది. మెట్ల మీద దీపం వెలుగుతోంది. పట్టా ఖాళీగా ఉంది. గడియ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కొడుకు లేవబోతే భార్య చెయ్యి పట్టుకుని ఆపింది. వెనక టీవీలో ఓడ తలుపు మరోసారి దగ్గింది. ఈసారి ఆవిడ గుమ్మంలోనే కూలబడి, ఏడాదిగా ఏడవని ఏడుపంతా ఏడ్చింది.

కోడలు వెళ్లి పక్కన కూర్చుంది.

"మామయ్యే అడిగారత్తయ్యా. 'నేను పోయాక మీ అత్తయ్య సాయంత్రమయ్యేసరికి తలుపు వైపు చూస్తూ కూర్చుంటుంది. నా దగ్గు ఎక్కడైనా దాచిపెట్టవే. ముందే చెప్పావో, కూర్చుని ఏడుస్తుంది. చెప్పకుండా వినిపించు, లేచి తలుపు తీస్తుంది' అన్నారు. మంచం మీదే దగ్గండి, చాలు అన్నాను. వినలేదు. 'పడుకుని దగ్గితే అది రోగం దగ్గు. గుమ్మంలో నిలబడి దగ్గితేనే ఇంటికొచ్చిన దగ్గు' అన్నారు. ఆయన చెయ్యి వణకడం నేనూ చూశానత్తయ్యా."

అత్తగారు కోడలి చెయ్యి తన ఒళ్లోకి లాక్కుని, "రోజూ వస్తుందా ఇది?" అని అడిగింది.

"ఓడ తలుపు తెరుచుకున్నప్పుడల్లా వస్తుంది."

"నీకు వినపడదనుకున్నానే. ఈ ఇంట్లో ఆయన మాట సరిగ్గా విన్నదానివి నువ్వొక్కదానివే. నీ రుణం ఎలా తీర్చుకోను తల్లీ" అంది, కొంగుతో ముందు కోడలి కళ్లు తుడిచి, తర్వాత తన కళ్లు తుడుచుకుంటూ.

టీవీలో ప్రకటనలు మొదలయ్యాయి, ఫోన్ మోగింది. ఇంకెవరు, చెల్లెలే. కథ ఎలా ఉందని అడిగింది. అత్తగారు గొంతు సవరించుకుని, కథ తనకి ఒక్క ముక్క అర్థం కాలేదనీ, సీరియల్ మాత్రం నూరేళ్లు ఆడాలనీ తీర్పు చెప్పింది. రేపటి ప్రయాణం మానుకున్నట్టు కూతురికి కూడా నువ్వే చెప్పెయ్యమని పెట్టేసింది. చెల్లెలు అవతల ఏమనుకుందో గానీ, ఇవతల కొడుకు గబగబా నేలమీద చిక్కుడుకాయలు ఏరడం మొదలుపెట్టాడు.

అత్తగారు ఈసారి టీవీకి ఎదురుగా కూర్చుంది. కోడలు వీధి తలుపు వెయ్యబోయింది.

"వెయ్యకు" అంది అత్తగారు. "ప్రకటనలు అయిపోవస్తున్నాయి. మళ్లీ వస్తారు."