పండుమిరప ప్రయోగం

“ఏంటీ వాసన? మళ్లీ పురుగుమందు కొట్టిన కాయలేనా?” గుంటూరు ఫార్మసీ కాలేజీ ల్యాబ్ గుమ్మంలోనే మీరావలిని నిలదీసింది సిద్దికా.

“పురుగుమందు వాసన కాదండీ, నా సెంటు!”

ఆమెకు నవ్వాగలేదు. సత్తెనపల్లి దగ్గర మిరప పండించే మీరావలి ఆమె పరిశోధనకు కాయలు తెచ్చిస్తుంటాడు. ఇచ్చేశాక కూడా ఏదో ఒకటి అడుగుతూ నిలబడతాడు. అలా నిలబడటం ఆమెకూ ఇష్టమే.

“ఇంతకీ వీటితో ఏం చేస్తారు?”

“హెచ్‌ఐవీ మందులు కొన్ని రక్తనాళాల లోపలి పొరని దెబ్బతీస్తాయండీ. ఈ ఎరుపులో ఉన్న యాంటీఆక్సిడెంట్లు దాన్ని కాపాడతాయేమోనని ఎలుకల మీద చూస్తున్నా.” మందు పేరు కూడా చెప్పింది.

మీరావలి ముఖం పాలిపోయింది. సంచీ అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఫోనెత్తలేదు.

ఉండబట్టలేక ఒక సాయంత్రం స్కూటీ మీద అతని కల్లానికే వెళ్లింది. అకాలపు జల్లు మొదలైంది. ఎండుతున్న కాయల మీద అతను ఒక్కడే పట్టా లాగుతున్నాడు. రెండో కొస ఆమె పట్టుకుంది.

“నామీద కోపమా?”

“మీమీద ఎందుకండీ! మీరు పేరు చెప్పిన ఆ బిళ్ల నేను చిన్నప్పట్నుంచీ మింగుతున్నా. ఆ జబ్బు మా అమ్మ నుంచి పుట్టుకతోనే వచ్చింది.” అతను తల ఎత్తలేదు. “మీ మాట విన్నాక భయమేసింది. బిళ్ల ఆపేసి, పండుమిరప పచ్చడే తింటున్నా.”

సిద్దికా కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలోనే కోపం ముంచుకొచ్చింది.

“బుద్ధుందా అసలు? నేను చూసేది ఎలుకల్లో! అదీ ఇంకా తేలలేదు. మిమ్మల్ని ఇన్నాళ్లూ బతికించింది ఆ బిళ్లే. పదండి డాక్టరు దగ్గరికి!”

డాక్టరు గట్టిగా చీవాట్లు పెట్టి, పరీక్షలు చేసి, వేరే మందు రాశాడు. కొన్ని నెలలకు రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గిపోయింది. ఇలాగే మానకుండా వాడితే భార్యకు సోకదనీ, పెళ్లి చేసుకోవచ్చనీ చెప్పాడు. పక్క కుర్చీలో సిద్దికా కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

“మా అమ్మకి నేను చెప్పనా?” బయటికొచ్చాక అడిగింది.

“వద్దు. నేనే చెప్పాలి.”

సిద్దికా తల్లి ఖాజాబీ ఎదుట నిలబడి, పెళ్లి మాటా జబ్బు సంగతీ ఏదీ దాచకుండా చెప్పాడు. ఆమె కూతురి వైపు చూసింది. సిద్దికా చూపు తిప్పుకోలేదు.

“ఇవాళ బిళ్ల వేసుకున్నావా నాయనా?” అడిగింది ఖాజాబీ.

“లేదండీ. అన్నం తిన్నాక వేసుకోవాలి.”

“మరి నిలబడ్డావేం? కూర్చో. సిద్దికా, కంచం పెట్టవే!”