ఒకే మిషన్‌లో అందరూ

సిరిసిల్లలో మా ఆఫీసు మరమగ్గాల షెడ్ల మధ్య ఉంటుంది. వేములవాడ లాడ్జీల బుకింగులు, కోరుట్ల దుకాణాల లెక్కలు మా దగ్గరి చిన్న చిన్న సర్వర్లలోనే నడుస్తాయి. కొన్నింటిలో గల్ఫ్‌కు పోయినవాళ్లు రికార్డు చేసి ఇంటికి పంపిన మాటలుంటాయి. వాళ్లలో కొందరు అక్కడే చనిపోయారు. ఇంటివాళ్లు ఇప్పటికీ ఫోన్ చేసి ఆ గొంతులు వింటారు.

ఆ పాత సర్వర్ పెట్టెలు ఊరికే వేడెక్కి ఆగిపోతున్నాయని, అన్నింటినీ ఒక పెద్ద మిషన్‌లోకి మార్చే పని నాకు పడింది. మా ఓనరు లక్ష్మీరాజం ఒకప్పుడు దుబాయ్‌లో కూలీల క్యాంపులో, ఇరుకు గదుల్లో బతికొచ్చినవాడు.

"ఒక్క రూముల గంతమందిని కుక్కుతె కొట్టుకుంటరు బిడ్డా," అన్నాడు.

"మనుషులా కాకా? ఫైళ్లు!" అని నవ్వాను. తెలివి ఎక్కువై, సర్వర్ గది తలుపు తాళాన్ని కూడా ఆ మిషన్‌కే అప్పగించాను.

మధ్యాహ్నానికి మార్చడం అయిపోయింది. కొత్తదాంట్లో సేవ్ అయ్యాయో లేదో చూడకుండానే పాతవి తుడిచేశాను. బయటికి పోదామని కార్డు పెడితే తలుపు తెరుచుకోలేదు. తెర మీద 'సేవ్ అవుతోంది' అన్న మాట దగ్గరే మిషన్ బిగుసుకుపోయింది. ఏసీ కూడా ఆగింది. ఆ గదిలో ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. గొంతు చించుకుని అరిచాను. మగ్గాల టకటకలో ఎవరికి వినిపిస్తుంది?

గాలి మెల్లగా వేడెక్కింది. చెమట వాసన... నాది కాదు. బీడీలు, తలనూనె, ఎన్నాళ్లో ఉతకని దుప్పట్లు.

స్పీకర్లోంచి గుసగుసలు మొదలయ్యాయి.

"జర జరుగు తమ్మీ..."

"యాడికి జరగాలె? గోడున్నది."

"ఊపిరాడుత లేదే..."

నాకూ ఆడటం లేదు. కరెంటు తీస్తే తాళం ఊడుతుంది. కానీ ఆ గొంతులింకా సేవ్ కాలేదు... ఇక ఎక్కడా మిగలవు. కరెంటు వైరు పట్టుకున్నాను.

"బంద్ చెయ్యకు చెల్లె... మేం యాడికి పోవాలె?"

ఈసారి స్పీకర్లోంచి కాదు. నా చెవి పక్కనుంచి.

బతకాలనిపించింది. అంతే. గుంజేశాను.

గొంతులు ఆగిపోయాయి. తలుపు తెరుచుకుంది. చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి ఉరికి, మంచం మీద పడ్డాను.

పొద్దుగూకే వేళ మా అమ్మ సత్యవ్వ వచ్చి లేపింది.

"గింత పెద్ద మంచముండంగ గట్ల అంచుకు పండుకున్నవేంది బిడ్డా? కింద పడ్తవ్."

నడిమికి జరుగుదామని చూశాను.

ఎంత నెట్టినా... చోటు లేదు.