మూడో వరుస ఊపిరి

ఒక్కసారి స్వామిని తలుచుకుని కూర్చోండి, చెబుతాను. ఇది అర్ధరాత్రి కథ కాదు. అమెరికాలోని పార్సిప్పనీలో, 2011 జనవరిలో, ఓ ఆదివారం మధ్యాహ్నం జరిగింది.

బయట మంచు. లాబ్‌లో రాధాకృష్ణ ఒక్కడే. అతని పనేమిటంటే, క్యాన్సర్ కణాలను ప్లేటులోని చిన్న చిన్న గుంటల్లో ఉంచి, మందు వేసి, అవి ఎంత ఆక్సిజన్ పీలుస్తున్నాయో మెషిన్‌లో చూడడం. మందు పనిచేస్తే కణానికి శక్తి అందదు. తెరమీద గీత దిగిపోతుంది.

కిందటేడు మూడో వరుసలో గిరిజగారి కణాలుండేవి. గుళ్లో భజనకి పక్కన కూర్చునే ఆవిడ. ఆపరేషన్‌లో తీసిన గడ్డలో ముక్క ఇప్పించి, "తమ్ముడూ, ఈ మందు నాకు పడుతుందో లేదో నువ్వే చూసి చెప్పు" అంది.

చూశాడు. మందు వేసినకొద్దీ ఆ కణాలు ఇంకా గట్టిగా పీల్చాయి. ఆ సంగతి బయటపెడితే రోగులమీద చేసే ఆ మందు ట్రయల్ ఆగిపోతుంది. "గుంటల్లో బుడగలు పడ్డాయి" అని రాసి ఆ వరుసంతా కొట్టేశాడు. లాబుల్లో అందరూ నమ్మే సాకే లెండి. ఆవిడ ఆ మందే తీసుకుంది. దసరా చూడలేదు.

ఇవాళ మూడో వరుసలో కణాలు లేవు. వట్టి ద్రవమే. అయినా గీత లేచింది.

"బుడగ..." అనుకున్నాడు. కణాల ఊపిరి ఆపే విషం వదిలాడు. మిగతా గీతలన్నీ పడిపోయాయి. మూడోది ఇంకా పైకి పోయింది. స్పిరిట్ వాసనలో సన్నగా హారతి కర్పూరం...

చెవి పక్కనే వెచ్చటి గాలి.

"బుడగేనా, తమ్ముడూ?"

"అక్కా... తప్పైపోయింది."

"రేపటి నుంచి ఆ మందు ఇంకెంతమందికి?"

"ముప్ఫై... ముప్ఫైరెండు మందికి."

"నా వరుస తిరిగి పెట్టు."

పాత ఫైల్ తెరిచాడు. మౌస్ మీద వేలు పెట్టాడు. ఒక్క క్లిక్. కానీ రేపే ఆ మందు మీద మీటింగ్. ఆరేళ్ల కష్టం...

ఫైల్ మూసేశాడు.

"మీటింగ్ అవనీ, అక్కా. ఒట్టు."

"అలాగేలే, నాన్నా."

అంతే. ఎంత మెత్తగా అందో!

గీత ఒక మెట్టెక్కింది. అతనికి సగం ఊపిరే అందింది. ఇంకో మెట్టు... పావు. తలుపు పదడుగులే. ఆరడుగులు నడిచాడు...

సోమవారం పొద్దున్న తోటి సైంటిస్ట్ నళిని అతని శవాన్ని నేలమీద చూసింది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు డాక్టర్లు. పాత ఫైల్లో మూడో వరుస తిరిగొచ్చి ఉంది. ట్రయల్ ఆగింది.

ప్లేటులో మూడో వరుస ఖాళీ గుంటల్ని నళిని మైక్రోస్కోప్ కింద పెట్టింది. నిండా కణాలు. పరీక్ష చేయిస్తే రాధాకృష్ణవేనన్నారు.

బ్లీచ్ పోసింది. మర్నాడు మళ్లీ పోసింది.

ఇంకా పీలుస్తూనే ఉన్నాయి.