గుండె ఆగిన పదకొండు సెకన్లు

హిందూపురంలోని ఆ చిన్న నర్సింగ్ హోమ్‌లో హేమావతి నర్సుగా చేరి తొమ్మిదేళ్ళయింది. ఆ రోజు సాయంత్రం ఐదున్నరకే మబ్బు కమ్మి, వార్డులో లైట్లు వేయాల్సి వచ్చింది. లోపల స్పిరిట్ వాసన. కిటికీలోంచి తడిమట్టి వాసన. ఎక్కడో రేకుల మీద చినుకులు మొదలయ్యాయి.

అప్పుడే సుకన్యను ఆటోలోంచి దించారు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి కోడలు, ముప్పై నాలుగేళ్ళుంటాయి. పుట్టింటికని రైలెక్కితే, పెనుకొండ దాటాక ఉన్నట్టుండి గుండె పరుగు అందుకుందట. స్టేషనుకు ఎదురొచ్చిన తల్లి పార్వతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

మానిటర్ మీద నిమిషానికి రెండు వందల పది. బీపీ దిగిపోతోంది.

"ఆయాసం జబ్బేమైనా ఉందా తల్లీ?" డాక్టర్ శివకృష్ణ అడిగాడు.

"లేదు సార్."

"కాఫీ తాగినావా?"

"పెనుకొండలో... రెండు కప్పులు."

డాక్టర్ నొసలు చిట్లించాడు. "కాఫీ పడిన ఒంట్లో ఈ మందు సరిగా పనిచేయదు. అయినా చూద్దాం. భయపడొద్దమ్మా. గుండె ఒక్క క్షణం ఆగి, మళ్ళీ దారిలో పడుతుంది. ప్రాణం పోతున్నట్టే ఉంటుంది. పోదు." హేమావతి వైపు తిరిగాడు. "అడినోసిన్, ఆరు మిల్లీగ్రాములు."

రక్తంలో పది సెకన్లు కూడా నిలవని మందు అది. అందుకే హేమావతి ఒక్క ఊపున ఎక్కించి, వెంటనే సెలైన్ తోసి, సుకన్య చెయ్యి పైకెత్తి పట్టుకుంది. మానిటర్ మీద గీత చదునైంది. ఒకటి... రెండు... మూడు.

మళ్ళీ రెండు వందల పది.

సుకన్య కళ్ళు తెరిచింది. "సిస్టర్... ఆడ ఒక ముసలాయన కూర్చోనుండాడు."

"యాడ?"

"చీకట్లో. నా ఎడం చెయ్యి పట్టుకున్యాడు. 'నాడి చూడమ్మా' అంటాండాడు."

హేమావతి మంచం అవతలి ఖాళీ మూల వైపు చూసింది.

రెండేళ్ళ కిందట ఇదే గదిలో పెద్దప్ప అనే రైతు ఉండేవాడు. గుండె వేగాన్ని తగ్గించే డిగాక్సిన్ మాత్ర రోజూ వేసుకునే మనిషి. ఆ మాత్ర ఇచ్చే ముందు నిండా ఒక నిమిషం నాడి లెక్కపెట్టాలి. అరవై కంటే తగ్గితే ఇవ్వకూడదు. "అంతా పసుప్పచ్చగా కనపడతాండాదమ్మా" అని ఆయన రెండు రోజులుగా చెబుతూనే ఉన్నాడు. మందు ఒంట్లో ఎక్కువైతే అలా కనిపిస్తుందని ఆమెకు తెలుసు. కానీ ఆ రోజు వార్డు నిండా జనం. నాడి చూడకుండానే డెబ్బై రెండు అని రాసి, మాత్ర మింగించింది. పొద్దు కుంకేసరికి ఆయన లేడు. ఈ సంగతి ఎవరికీ తెలియదు.

"పన్నెండు ఎక్కించు" అన్నాడు డాక్టర్.

"సార్... వేరే మందేమన్నా..."

"బీపీ పడిపోతాంది హేమావతీ. దీనికీ లొంగకపోతే షాక్ ఇద్దాం. తొందరగా!"

ఎక్కించింది. గీత చదునైంది.

నాలుగు... ఐదు... ఆరు...

రాలేదు.

ఏడు... ఎనిమిది... డాక్టర్ రెండు చేతులూ సుకన్య ఛాతీ మీద ఆనించాడు. అంతలో ఆమె పెదవులు కదిలాయి. గుండె ఆగిన మనిషి పెదవులు. వాటిలోంచి బొంగురు గొంతు, మగ గొంతు, వచ్చింది.

"డెబ్బై రెండని... యాడ చూసినావమ్మా?"

పార్వతమ్మ ఏడుపు ఆపేసింది. "ఎవురది? ఎవురు మాట్లాడింది?"

పదకొండో సెకనుకు మానిటర్ మోగింది. ఒకటి. మరొకటి. మెల్లగా ఎనభై దగ్గర నిలబడింది. సుకన్య కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. ఆమెకు ఏమీ గుర్తులేదు.

వరండాలో హేమావతి డాక్టర్‌కు పెద్దప్ప సంగతంతా చెప్పేసింది.

"ఆ కేస్ షీట్ మీద సంతకం నాది. నేనూ ఆయన చెయ్యి పట్టుకుని చూడలేదు" అన్నాడు డాక్టర్. "రేపు పొద్దున్నే ఆయన ఇంటికి పోదాం. ఇద్దరమూ పోయి చెబుదాం. ఏమన్నా పడదాం."

రెండేళ్ళలో మొదటిసారి హేమావతి గుండె నిండా ఊపిరి తీసుకుంది. కళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చింది. సుకన్య ప్రశాంతంగా నిద్రపోతోంది. కుర్చీలో పార్వతమ్మ కునికిపాట్లు పడుతోంది. హేమావతి సుకన్య కుడి చేతి నాడి పట్టుకుని, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టింది. డెబ్బై ఎనిమిది. మానిటర్ మీదా అంతే.

దుప్పటి సర్దబోతే ఎడమ చెయ్యి పక్కకు జారింది. లోపల పెడదామని అందుకుంది. చల్లగా ఉంది. అలవాటుగా వేళ్ళు మణికట్టు మీదికి పోయాయి.

అక్కడా కొట్టుకుంటోంది. నిదానంగా... బరువుగా... ఒక్కో దెబ్బకూ మధ్య చాలా ఎడంతో.

పొరబడ్డాననుకుంది. రెండు మణికట్లూ ఒకేసారి పట్టుకుని, కళ్ళు మూసుకుని, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.

రెండూ కలవలేదు. ఎడమ చేతిది అరవైకి చేరనేలేదు.