ఏడో తీగ

నలభయ్యో బండి వెనక దీపాల సాకెట్ విప్పి, మధ్యలో ట్రాలీ వైరింగ్ కలిపి, రంగు గీకిన ఇనుము మీద ఎర్త్ బోల్టు బిగించింది నూకరత్నం. రంగు మీదే బిగిస్తే ఉప్పుగాలికి వారంలో దీపాలు మినుకుమంటాయి. ఆమె బిగించినవాటికి ఆ జబ్బు ఎన్నడూ రాలేదు. ఆ పేరుతోనే గేటు దగ్గర ఈ పని దొరికింది. బిడారులో అరవై బళ్లు, సాయంత్రం సముద్రం పోటు వచ్చేలోగా నీళ్లందని మెరకబాట ఎక్కాలి.

పెట్టెలో రెండు రకాల వైరింగులున్నాయి. నాలుగు తీగలది దీపాలకు మాత్రమే. బిడారుకు ఏడు తీగలది తప్పనిసరి. అందులో ట్రాలీ బ్రేకుకూ బరువుకూ తీగలుంటాయి. ఏడోది ట్రాలీని పట్టుకునే కొక్కేనికి. నీళ్లు ముంచుకొస్తే, బిడారును నడిపే యంత్రం దారిమతి ఆ తీగ గుండా ట్రాలీని వదిలేసి బండిని కాపాడుతుంది. సీట్లలో ఉన్నవాళ్లు మనుషులు, ట్రాలీలో ఉన్నది సరుకు. దానికి తెలిసింది అంతే.

పోయిన నెల ఆ సరుకులో ఆమె మొగుడు ఎల్లారావు ఉన్నాడు. కాలు విరిగి, సీట్లో కూర్చోలేక, వలల మీద పడుకున్నాడు.

"నువ్వు బిగించిందే కదా, నాకేం భయం" అని నవ్వాడు.

వంతెన మీద నీళ్లు తగలగానే కొక్కెం ఊడింది. క్షణం ఆలస్యం కాలేదు. ఆమె పనిలో వంక లేదు మరి. గేటు తెర మీద 'సరుకు విడుపు, రెండువందల కిలోలు' అని పడింది. ఆనాటి నుంచి ఆమెకు తిండి సయించదు. అయినా రోజూ ఆ తీగే బిగిస్తోంది, వేరే పని రాదు.

నలభై ఒకటో ఎస్‌యూవీ లోంచి పేరయ్య అనే పెద్దాయన దిగి, ట్రాలీ మీది పట్టా పక్కకు లాగాడు. మంచం, దాని మీద ఒక ముసలావిడ.

"మా ఆవిడండి, మంగాయమ్మ. నడుం వంగదు. కోడలు బండి తోలతాది, పిల్లలు లోపలున్నారు. ఈవిణ్ణి ఇంకెక్కడ పెట్టనండి?"

నూకరత్నం ఏడు తీగల కట్ట తీసింది. చేతులు కదల్లేదు.

"ఎండలో నిలబడ్డావేంటమ్మా, ఇలా పట్టా నీడకి రా" అంది మంగాయమ్మ.

నూకరత్నం ఆ కట్టను పెట్టెలో పడేసి, నాలుగు తీగలది తీసుకుంది. అరగంటలో బిగించేసింది.

"ట్రాలీకి బ్రేకు రాదండి. ఇరవై దాటొద్దని మీ కోడలికి చెప్పండి."

"మీ మీదకేం రాదు కదమ్మా?"

"రావాల్సింది వచ్చేసిందండి."

బిడారు కదిలింది. బళ్ల మధ్య ఎడం పెరగకూడదన్నది దారిమతి నియమం. ఒక బండి ఇరవై వేగంలోనే ఉండిపోయేసరికి అరవై బళ్లూ ఇరవైకి దిగాయి. గేటు తెర పలికింది.

"నలభై ఒకటో బండి వేగం తక్కువ. కారణం చెప్పండి."

"ట్రాలీలో మనిషి ఉంది. పేరు మంగాయమ్మ."

"ఆ బండికి ట్రాలీ నమోదు కాలేదు. కారణం చెప్పండి."

ఆమె మళ్లీ అదే చెప్పింది. అది మళ్లీ అడిగింది. పోటుకు ఇంకా గంట ఉండగానే, ఆ నిదానపు నడకతోనే, అరవై బళ్లూ మెరకబాట ఎక్కేశాయి.

చేయాల్సింది ఇంతేనా. పోయిన నెల కూడా నాలుగు తీగలది బిగించి ఉంటే సరిపోయేది కదా. నూకరత్నం పెట్టె పక్కన కూలబడి, మొగుడు పోయాక మొదటిసారి, గొంతెత్తి ఏడ్చింది.