పలచటి సిరా

సోహే కొట్లోకి వచ్చి గొడుగు ముడవక ముందే తోకి బామ్మ చాప మీద మోకాళ్ళూని, నుదురు నేలకానేలా వంగింది.

"ఎంత పని జరిగింది నాయనా! అమ్మగారా, నాన్నగారా?"

సోహే తెల్లబోయాడు. "ఇద్దరూ ఇంట్లో భోంచేస్తున్నారు బామ్మగారూ!"

"మరి ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదే!"

లోపలి తెర తొలగింది. హిసానో నిలబడి ఉంది, బామ్మ మనవరాలు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో విప్పని కవరు. దాని మీద ఆమె పేరు, వాన మబ్బులా బూడిద రంగులో.

సోహే ఆ అక్షరాలు గుర్తుపట్టాడు. రాసింది తనే.

నారా ఊళ్ళో ఎవరింట్లోనైనా చావు జరిగితే ఆ కబురూ, పరామర్శా పలచటి సిరాతో రాస్తారు. కన్నీళ్ళు పడి సిరా పలచబడిందని దానర్థం. చిన్నపిల్లలకి కూడా తెలుసు. సోహేకి ఇంకా బాగా తెలియాలి. దీపపు మసినీ జిగురునీ పిసికి, నీళ్ళతో రాతి మీద నూరుకునే సిరా కడ్డీలు చేసే ఇల్లు వాళ్ళది. రాత సామాను అమ్మే బామ్మ కొట్టుకి కుంచెలు ఎక్కడి నుంచి వచ్చినా, కడ్డీలు మాత్రం సోహేయే తెస్తాడు. హిసానో కొట్లో ఉండే వేళ చూసుకుని తెస్తాడు.

"నిన్న రాసినప్పుడు నల్లగానే కనిపించింది," అన్నాడు నీరసంగా.

"తడి మీద అన్నీ నల్లగానే కనిపిస్తాయి," అంది హిసానో. "చేతుల నిండా మసి, రాసే సిరాకే కరువా? ఇంకాసేపు నూరితే ఏం పోయింది?"

"తొందర్లో ఉన్నాను."

"దేనికి తొందర?"

సోహే ఆమె చేతిలోని కవరు వైపు చూశాడు. ఎల్లుండి క్యోటో నుంచి ఆమెకి పెళ్ళిచూపుల వాళ్ళు వస్తున్నారు. ఆ మాట పైకి అనగలిగేవాడైతే ఉత్తరం దేనికి?

"ఆ కవరు ఇచ్చెయ్, హిసానో."

"నా పేరున వచ్చింది నీకెందుకిస్తాను? మీ అమ్మకేమో అయిందనుకుని విప్పడానికి చేతులు రాలేదు. పొద్దుటి నుంచీ ఏడుస్తున్నాను, తెలుసా?"

"మా అమ్మ కోసమా?"

"ఆవిడ కోసమే! నీ కోసం అనుకున్నావా?" అంది గానీ చెవులు ఎర్రబడ్డాయి.

బామ్మ పూజాపీఠం వైపు చూసింది. రెండో అగరుబత్తి కాలుతోంది. "ఎవరో పోయారని, చావుకి చదివే సూత్రమంతా పొద్దున్నే చదివాను. చావే లేకపోతే ఆ ప్రార్థన ఎవరికి చేరినట్టు?"

 

హిసానో సిరా నూరే రాయి తెచ్చి సోహే ముందు పెట్టింది. "ఆ రంగులో రాసింది నేను చదవను. అశుభం. ఇక్కడే మళ్ళీ రాయి."

"బామ్మగారి ముందా?"

"నేను కళ్ళజోడు పెట్టుకోలేదు లే," అంది బామ్మ, కళ్ళజోడు సవరించుకుంటూ.

సోహే రాతి మీద నీటి చుక్కలు వేసి కడ్డీ ఆనించాడు. గుండ్రంగా, మెల్లగా. బయట వాన. కాసేపటికి హిసానో వంగి చూసింది.

"ఇంకా పలచగానే ఉంది."

"నువ్వు అలా దగ్గరగా చూస్తుంటే ఎలా నూరను?"

"అయితే కళ్ళు మూసుకుంటాను." మూసుకుంది, ఒకటి.

నిన్నటి ఉత్తరంలో సోహే వాన గురించి రాశాడు, ఋతువు గురించి రాశాడు, వాళ్ళ నాన్న నడుం నొప్పి గురించి కూడా రాశాడు. ఇప్పుడు నూరుతుంటే అవన్నీ ఒక్కొక్కటే రాలిపోయాయి. సిరా చిక్కబడేసరికి ఒక్క ముక్కే మిగిలింది. కుంచె ముంచి అదే రాశాడు.

'ఎల్లుండి ఒప్పుకోకు. నన్ను చేసుకో.'

హిసానో చదివింది. మళ్ళీ చదివింది.

"ఏదో ఒకటి అను," అన్నాడు సోహే.

"ఆరనీ. ఆరాక కూడా నల్లగా ఉంటే అప్పుడు చెప్తాను."

ముగ్గురూ కాగితం చుట్టూ కూర్చున్నారు. బామ్మ టీ పోసింది. సోహే కప్పు ముట్టుకోలేదు. అక్షరాల మీది తడి మెరుపు ఒక్కో గీత నుంచీ తప్పుకుంటోంది. చివరి గీత ఆరాక హిసానో వేలితో మెల్లగా తడిమింది. వేలికి ఏమీ అంటలేదు. అక్షరం మాత్రం కాటుకలా నల్లగా ఉంది.

"నల్లగానే ఉంది," అంది. "సరే."

"సరే అంటే?"

"సరే అంటే సరే! దానికి కూడా ఉత్తరం రాయాలా?"

సోహే నవ్వబోయి నుదురు తుడుచుకున్నాడు. నుదుటి మీద నల్లటి చార పడింది. హిసానో పకపకా నవ్వి తన చేతిగుడ్డ అందించింది.

బామ్మ పీఠం ముందు మళ్ళీ ఒకసారి చేతులు జోడించింది. "పొద్దుటి ప్రార్థన ఎవరికి చేరిందో తెలిసింది," అనుకుంది. తర్వాత కుంచె తీసుకుని వాళ్ళ మధ్య వచ్చి కూర్చుంది.

"సోహే, మిగిలిన సిరాలో కాసిని నీళ్ళు కలుపు."

"దేనికి బామ్మగారూ?"

"క్యోటో వాళ్ళకి రాయాలిగా. పాపం, ఒక సంబంధం పోయింది."