పోగు పట్టిచ్చిన మనిషి

సైలెన్సర్ బిగించిన తుపాకీ రెండుసార్లు దగ్గింది. పరికరాల ఇంజనీరు తన వర్క్‌షాపు గుమ్మంలోనే కుప్పకూలాడు. అప్పుడు ఉదయం పది.

పదకొండుకల్లా ఏసీ మెకానిక్ వేషంలో ఏజెంట్ 'లెక్క' అక్కడున్నాడు. చావుబతుకుల్లో కూడా లాభనష్టాలు బేరీజు వేస్తాడని డిపార్ట్‌మెంటు పెట్టిన పేరది. వెంట ఏజెంట్ 'నెమలి'. ఆమె నవ్వితే కాపలావాళ్లు గేటు వేయడం మరిచిపోతారు.

చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తం: "విదేశీ ముఠా విషవాయువు తయారుచేస్తోంది. ఎంత మోతాదుకి మనిషి కండరం చచ్చుబడుతుందో తేల్చడానికి, కండరం బలం కొలిచే ఇంజనీరు మీటరు కావాలి వాళ్లకి. దాన్ని విప్పడం, మళ్లీ చెయ్యడం ఇక అతని చెల్లెలికే తెలుసు. మీటర్నీ, ఆమెనీ దక్కించు."

బల్ల మీద, మైక్రోస్కోపు కింద, వెంట్రుక కన్నా సన్నటి కండరపు పోగు రెండు గాజు సూదుల మధ్య కట్టి ఉంది. అదే ఆ మీటరు. పోగు లాగినంత బలానికి స్క్రీన్ మీద గీత లేస్తుంది.

"వెనక గది చూసొచ్చా. ఖాళీ," అంది నెమలి. "త్వరగా విప్పమ్మా."

చెల్లెలి చేతులకి అన్న రక్తం ఇంకా ఆరలేదు. "పరీక్ష చెయ్యకుండా మా అన్నయ్య ఏ మీటరూ గడప దాటించలేదు. ఊపిరి బిగబట్టండి. కాలు కదపొద్దు."

"చావు నెత్తి మీదుంటే ఇప్పుడు పరీక్షలా?" అంది నెమలి.

"ఊపిరన్నానా!"

ముగ్గురూ బిగుసుకుపోయారు. గీత మాత్రం నిలవలేదు. ఆగి ఆగి ఎగిరింది.

"ఇవి అడుగులు," గొణిగింది చెల్లెలు. "వెనక గదిలో ఎవరో నడుస్తున్నారు."

లెక్క క్షణంలో కూడేశాడు. గదిలో మనిషున్నాడు. ఖాళీ అన్నది నెమలి. చెక్క గోడలోకి మూడు గుళ్లు దించాడు. అవతల బరువుగా ఏదో పడింది. తలుపు కింద నుంచి రక్తం పాకింది.

అప్పటికే నెమలి పిస్తోలు చెల్లెలి కణతకి ఆనింది.

"ఎప్పట్నుంచి వాళ్ల మనిషివి?"

"నీ కన్నా సీనియర్ని. తుపాకీ పడెయ్!"

లెక్క తన తుపాకీని మీటరు వైపు తిప్పాడు. "పేల్చానంటే నీకు దక్కేవి గాజు పెంకులే."

నెమలి పిస్తోలు అతని మీదకి తిరిగింది. ఆ సందులో చెల్లెలు కాలుతున్న సోల్డరింగ్ ఐరన్ తీసి ఆమె మణికట్టులోకి దించింది. మాంసం కమిలింది. గురి తప్పిన గుండు మీటరును తునాతునకలు చేసింది. లెక్క మెకానిక్ బెల్టులోంచి లాగిన స్పానర్ నెమలి దవడ మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ముగ్గురికీ వినిపించింది.

ఫోన్‌లో చీఫ్ అడిగాడు: "మీటరు?"

"ముక్కలైంది సార్. చేసే చెయ్యి దక్కింది."

"నెమలి?"

"దవడ కుదిరే దాకా ఇంటరాగేషన్ వాయిదా వెయ్యాలి. తప్పు నాదే సార్, కాస్త కింద కొట్టాల్సింది."